దింపుడుగుట్ట మీద చెయ్యి తీసిన తల్లి

దింపుడుగుట్టకు మొదటిసారి వచ్చే భక్తులకు ముందుగా ఒక మనవి. పేరు విని వెనక్కి పోకండి.

స్వాగత తోరణం దాకా వచ్చి, పైన పెద్ద అక్షరాలతో రాసిన పేరు చదివి, వచ్చిన ఆటోలోనే తిరిగిపోయిన వాళ్ళున్నారు. పోయిన ఏడాది ఒక పెద్దావిడ, చంటివాణ్ణి ఎత్తుకున్న తన కోడలిని తోరణం దాటనివ్వలేదు. "పసిబిడ్డల్ని తెచ్చే చోటికి పెట్టే పేరేనా ఇది?" అని చెప్పుల దగ్గర కూర్చునే మా మనిషిని కడిగిపారేసింది. ఆమెను తప్పుపట్టలేము. దింపుడు అనగానే మనకు గుర్తొచ్చేది ఒక్కటే. పాడె మీద మనిషిని తీసుకుపోతూ దారిలో ఒకచోట దింపుతారు. ఆ చోటు దింపుడుకల్లం. అయినవాళ్ళు చెవి దగ్గర వంగి, పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఏ మూలనైనా మిగిలి ఉంటే లేస్తారేమోనని. లేవరని పిలిచేవాళ్ళకూ తెలుసు.

పదేళ్ళ కిందట మా ఆలయ కమిటీ ఈ పేరు మార్చాలని తీర్మానం చేసి, 'శ్రీ నిద్రాదేవి క్షేత్రం' అని ఇనుప రేకు మీద బోర్డు రాయించింది. గుట్ట కింది కురుబ ఇళ్ళ ఆడవాళ్ళు రెండో రోజుకే దాన్ని ఊడదీసి గొర్రెల దొడ్డికి తలుపు చేసుకున్నారు. ఆ తలుపు ఇప్పటికీ ఉంది. వెళ్ళి చదువుకోవచ్చు. వాళ్ళు అంత పట్టుదలకు ఎందుకు పోయారో చెప్పడానికే ఈ చిన్న పుస్తకం.

ఎర్రమల కొండల అంచున, వంక ఒడ్డున ఉంది ఈ గుట్ట. ఎక్కడానికి నూట పన్నెండు మెట్లు. పైన గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. వంగి దూరవలసిన ఒక గుహ, లోపల మాత్రం నలభై మంది కూర్చోగలిగినంత జాగా ఉంది. ఇక్కడ గంట కట్టలేదు. మైకు పెట్టరు. కొబ్బరికాయలు మెట్ల కిందే కొడతారు. అర్చన పెదవులు కదిలీ కదలనట్లు సాగుతుంది, పూజారి ఏం చదువుతున్నాడో పక్కనున్న వారికి కూడా వినబడదు. గర్భగుడిలో విగ్రహానికి బదులు నల్లటి పడకబండ ఒకటి ఉంది. దాని నడుమ పసిబిడ్డ ఒదిగేటంత పల్లం, ఆ పల్లం పక్కన అరచెయ్యి ఆనినంత మేర నునుపు ఉన్నాయి. ఆ బండనే దింపుడమ్మ అని కొలుస్తారు.

పూర్వం ఇక్కడ, గుట్ట కింద, కురుబల ఇళ్ళు పద్నాలుగు ఉండేవి. గొర్రెలు కాసుకుని, ఉన్ని వడికి, కంబళ్ళు నేసుకుని బతికేవారు. ఏటా పంట ఇళ్ళకు చేరే రోజుల్లో ఎక్కడినుంచో గుర్రాల మీద దోపిడీ దండు వచ్చి పడేది. ధాన్యం పోతే పోయిందనుకోవచ్చు. ఆ దండు ఆడవాళ్ళనూ పిల్లలనూ తోలుకుపోయేది, అడ్డుపడిన మగవాళ్ళను నరికేది. కులపెద్ద ఓబయ్యకు ఒక్కడే కొడుకు, బీరప్ప. ఒక ఏడు అతడు దండుకు ఎదురుపోయి చనిపోయాడు. అప్పటికి అతని భార్య సిద్దమ్మకు అయిదో నెల.

బీరప్పను దింపుడుకల్లంలో పేరు పెట్టి పిలిచింది తండ్రే. మూడుసార్లు పిలిచి లేవవలసిన మనిషి పిలుస్తూనే ఉండిపోయాడు. నలుగురు పట్టుకుని లేపవలసి వచ్చింది. ఆ తరువాత ఆయన ఇంట్లో దింపు అనే మాటే ఎవరూ వాడలేదు. నెత్తి మీది గంపను కూడా 'కింద పెట్టు' అనేవారు.

సిద్దమ్మకు కొడుకు పుట్టాడు. ఆ బిడ్డ పేరేమిటని భక్తులు అడుగుతుంటారు. ఈ గుట్ట మీద ఆ పేరు పలకరు, కాబట్టి ఇక్కడా రాయలేదు. పుట్టిన నాటినుంచి ఆమె వాణ్ణి ఒంటినుంచి వేరు చేయలేదు. పగలు వీపుకు కట్టుకుని ఉన్ని వడికేది. రాత్రి భుజాన వేసుకుని జోలపాడుతూ తిరిగేది. బిడ్డకు భుజం మీదే నిద్ర. పక్క మీద పెట్టిన మరుక్షణం కళ్ళు తెరిచేవాడు. రాత్రికి అయిదారుసార్లు లేచేవాడు, రెండో కుయ్యి మనకముందే ఆమె ఎత్తుకునేది. ఎనిమిది నెలలు ఆమె కూడా కంటినిండా నిద్రపోలేదు. "నీ కొడుకు కాలికి ఇంకా మన్ను అంటలేదే" అని ఇరుగుపొరుగు ఎగతాళి చేస్తే, "అంటనీయను" అనేది.

బిడ్డకు ఎనిమిదో నెల నడుస్తుండగా దండు మళ్ళీ వచ్చింది. ముందే కబురు అందడంతో పద్నాలుగు ఇళ్ళ వాళ్ళూ గుట్ట మీది గుహకు చేరి, దాని నోటికి ముళ్ళకంప అడ్డం వేసుకున్నారు. లెక్కకు ముప్ఫై ఎనిమిది మంది. ఎప్పుడూ ఒక పూటలో దోచుకుని పోయే దండు ఈసారి గుట్ట కిందే, వంక ఒడ్డున డేరాలు వేసింది. పొద్దున్నే ఊళ్ళ మీదికి పోయేది, చీకటి పడేసరికి తిరిగి వచ్చేది. పగలు దండు ఉండదు, పైగా గాలి హోరు. గుట్ట దిగి పారిపోదామన్నా చుట్టుపక్కల దారులన్నిటా వాళ్ళ గుర్రాలే. రాత్రి గాలి పడిపోతుంది. అప్పుడు గుహలో ఒకరు దగ్గినా కింద డేరాల్లోకి వినబడుతుంది.

మొదటి రాత్రి బిడ్డ ఆరుసార్లు లేచాడు. సిద్దమ్మ గాజులు తీసేసి, పాట లేకుండా, వంగి వంగి ఆ కాస్త జాగాలోనే తిప్పింది. పాట లేకపోయేసరికి వాడు గుక్కపట్టాడు. నోటికి రొమ్ము అందించేలోగా ఒక కేక కంప దాటి బయటికి పోయింది. కింద గుర్రాలు సకిలించాయి. ఒక దివిటీ సగం గుట్ట దాకా ఎక్కి, కాసేపు నిలబడి, దిగిపోయింది. రెండో రాత్రి రెండు దివిటీలు వచ్చాయి. అవి ఇంకా పైదాకా వచ్చాయి.

మూడో రోజు పొద్దున దండు ఊళ్ళ మీదికి పోగానే మంత్రసాని తిక్కమ్మ ఓబయ్యను పక్కకు పిలిచి, కొంగు ముడి విప్పి, నల్లమందు ఉండ చూపించింది.

"మెంతిగింజంత నాలిక్కి రాచ్చే సాలు. తెల్లారేదాకా కదలడు" అంది.

"తెల్లారినాక?"

"లేచేటోళ్ళు లేచ్చారు" అంది తిక్కమ్మ.   ఆ చేతి మందుకు లేవని బిడ్డలను ఇద్దరిని ఓబయ్య ఎరుగును. ఒకవైపు ముప్ఫై ఏడు ప్రాణాలు, ఒకవైపు చనిపోయిన కొడుకు మిగిల్చిన ఒక్క ప్రాణం. ఆయన ఆ మందును అందుకుని మొలపంచెలో దోపుకున్నాడు.

సిద్దమ్మ గుహ గోడకు ఆనుకుని, బిడ్డ భుజం మీద ఉండగానే, కూర్చున్నచోటే కునికింది. కలలో కంబళి ముసుగు వేసుకున్న ఒక ముసలామె కనిపించింది. మొహం తెలియలేదు, చెయ్యి మాత్రం కనబడింది. ఉన్ని వడికి వడికి కాయలు కాచిన చెయ్యి. "బిడ్డను దింపు. దింపి చెయ్యి తియ్యి. నేనుండా" అని చెప్పి, ఆ చెయ్యి గుహ లోపలి పడకబండను చూపించింది. సిద్దమ్మ ఉలిక్కిపడి లేచి, పరుగున మామగారి దగ్గరికి వచ్చింది.

"మామా, కల్లో అమ్మోరు కనపడింది. బిడ్డను దింపమని చెప్పింది."

 "దింపమనిందా?" అని ఓబయ్య మళ్ళీ అడిగాడు. ఏడాదిగా ఆ ఇంట్లో ఎవరూ పలకని మాట అది. చుట్టూ ఉన్నవాళ్ళు విన్నారు. దింపడమంటే వాళ్ళకు తెలిసింది ఒకటే దింపడం.

"ఇంగేముంది, అమ్మే అడుగుతాంది. ఇచ్చేయాల" అంది తిక్కమ్మ.

ఎవరూ కాదనలేదు. కొందరు సిద్దమ్మ మొహం చూడలేక గోడవైపు తిరిగారు. ఆ మాట మొదట సిద్దమ్మకూ అలాగే తగిలింది.  బిడ్డను ఇంకా గట్టిగా అదుముకుంది. అయితే కల చెప్పిన మాటలను ఆమె మనసులో ఒక్కొక్కటే మళ్ళీ తిప్పి చూసుకుంది. ఓబయ్య మొలపంచెలోకి చెయ్యి పోనిచ్చేసరికి, అక్కడ ఉన్నది తిక్కమ్మ మందేనని తెలిసి ఆమె నోరు తెరిచింది.

"మామా, ఆయన్ను దింపినప్పుడు నువ్వు పిలిచ్చివి. లెయ్యాలని పిలిచ్చివి. అమ్మ నన్ను పిలవమని చెప్పలా. దింపు, చెయ్యి తియ్యి, అనింది. అంతే అనింది. పిలిచే పని లేదంటే, వాడంతట వాడే లేచ్చాడని గదా?"

మొలపంచెలోకి పోయిన ముసలాయన చెయ్యి అక్కడే ఆగింది.

"ఈ పగలు నాకియ్యి. దండు లేదు, గాలుంది. వాడెంత ఏడిసినా ఎవురూ ఎత్తొద్దు. రేత్రికి గూడా ఏడిసినాడంటే నీ మొలలో ఉండేది నువ్వే పెట్టు. నేను అడ్డం రాను."

చెప్పిన మాటకు తనే కట్టుబడాలని ఆమెకు తెలుసు. ఓబయ్య తల ఊపాడు.

ఆమె బిడ్డకు కడుపునిండా పాలిచ్చింది. పడకబండ మీద కంబళి పరిచి, నిద్రపోయేదాకా ఆగకుండా, కళ్ళు తెరిచి ఉండగానే దింపింది. ఎద మీద అరచెయ్యి ఆనించి ఉంచింది. తరువాత ఆ చెయ్యి తీసింది. ఎనిమిది నెలల్లో మొదటిసారి ఆ బిడ్డ ఒంటి మీద మనిషి చెయ్యి లేదు. వాడు గుహ దద్దరిల్లేటట్లు ఏడ్చాడు.

సిద్దమ్మ అడుగు వెనక్కి వేసి కదురు అందుకుంది. ఒక బారెడు నూలు వడికేదాకా కదలలేదు. వడికాక వెళ్ళి, ఎత్తకుండా, మాట్లాడకుండా, ఎద మీద చెయ్యి ఆనించి, తీసేసింది. ఈసారి రెండు బారలు. ఆ తరువాత మూడు. నూలు ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా వచ్చింది, రెండుసార్లు తెగింది. తెగిన ప్రతిసారీ అతికి మళ్ళీ వడికింది. ఆమె కళ్ళనుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"నీది గుండెనా రాయా?" అని ఒకామె అరిచింది.  ఇంకొకామె చెవులు మూసుకుంది. అందరికంటే ముందు ఓర్చుకోలేకపోయింది ఎవరో తెలుసా? మొలలో మందు పెట్టుకున్న ఓబయ్యే. నాలుగోసారి చెయ్యి తీయగానే ఆయన లేచి, "సాలమ్మా, సచ్చిపోతాడు" అంటూ మనవడి మీదికి వంగాడు.

"ఎత్తొద్దు మామా. ఎత్తితే రేత్రికి మళ్ళా మొదటికే" అంది సిద్దమ్మ. ఆయన చాచిన చేతులు చాచినట్లే ఉంచి, తిరిగి వెళ్ళి కూర్చున్నాడు.

పొద్దు వాలేసరికి ఏడుపు సన్నబడింది. ఏడు బారలు వడికినప్పుడు అది మూలుగయింది. తొమ్మిదో బార సగంలో ఉండగా బిడ్డ పిడికిలి నోట్లో పెట్టుకుని, కంబళి మీద చెంప రుద్దుకుని, నిద్రపోయాడు. ఎవరూ ఊపలేదు, ఎవరూ పాడలేదు. బిడ్డకు ఊపిరి ఆడుతోందో లేదోనని సిద్దమ్మ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఆడుతోంది. చీకటి పడకముందు వాణ్ణి లేపి, మళ్ళీ పాలిచ్చి, మళ్ళీ కళ్ళు తెరిచి ఉండగానే దింపింది. ఈసారి అయిదు బారలే పట్టింది.

దండు తిరిగి వచ్చింది. గాలి పడిపోయింది. డేరాల దగ్గర వంటలయ్యాయి, మాటలు సద్దుమణిగాయి. గుహలో ముప్ఫై ఏడుగురూ ఆ ఒక్క బిడ్డవైపే చూస్తూ కూర్చున్నారు. నడిరేయి దాటాక అడుగుల చప్పుడు వినబడింది. ఈసారి దివిటీలు లేవు. ఇద్దరు మనుషులు చీకట్లో గుట్ట ఎక్కి, సరిగ్గా కంప అవతల నిలబడ్డారు. తమలో తాము ఏదో అనుకున్నారు. ఆ భాష ఎవరికీ తెలియలేదు.

అప్పుడే బిడ్డ కదిలాడు. కళ్ళు తెరిచాడు. ఒక్క కుయ్యి మన్నాడు.

కంప అవతల మాటలు ఆగిపోయాయి.

సిద్దమ్మ ఒళ్ళంతా లేవబోయింది. అయితే ఎనిమిది నెలలుగా నిద్రమత్తులో ఉన్న బిడ్డను ఎత్తిన ప్రతిసారీ వాడు ముందు ఒక్కసారి గట్టిగా ఏడ్చాకే ఊరుకునేవాడని ఆమెకు తెలుసు. ఎత్తితే ఏడుస్తాడు, ఏడిస్తే అందరూ పోతారు. ఓబయ్య చెయ్యి మొల దగ్గరికి పోయింది. ఆమె ఆయనవైపు చూసి తల అడ్డంగా ఊపింది. రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది. బయట ఉన్నవాళ్ళు రెండో కుయ్యి కోసం ఆగి ఉన్నారు. లోపల ఉన్నవాళ్ళు అది రాకూడదని ఆగి ఉన్నారు. తల్లి వస్తుందేమోనని బిడ్డ కాసేపు చూశాడు. రాలేదు. వాడు మొహం పక్కకు తిప్పి, చెయ్యి వెతుక్కుని, పిడికిలి నోట్లో పెట్టుకున్నాడు. రెప్పలు వాలాయి.

బయట ఒకడు నవ్వాడు. అది ఏ పిట్టో, ఏ గొర్రెపిల్లో అనుకున్నారు కాబోలు. అడుగుల చప్పుడు కిందికి దిగిపోయింది. తెల్లవారుజామున డేరాలు ఎత్తే సద్దు, గుర్రాలు దూరమైపోయే సద్దు వినబడ్డాయి.

బతికామని ఊపిరి తీసుకుని అందరూ బిడ్డవైపు చూశారు. వాడు లేవలేదు.

తూరుపు తెల్లబడింది, లేవలేదు. కంప సందుల్లోంచి ఎండ లోపలికి వచ్చింది, లేవలేదు. పుట్టిన తరువాత రెండు జాములు వరుసగా పడుకోని బిడ్డ ఆ ఒక్క కుయ్యి తప్ప రాత్రంతా పడుకుని, ఇంకా పడుకునే ఉన్నాడు. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తిక్కమ్మ ఓబయ్య మొలవైపు చూసింది. "నేను పెట్టలా" అన్నాడాయన.  దింపమంది అమ్మ, దింపారు, చెయ్యి తీశారు. ఇక మిగిలింది ఆయనకు తెలిసిన ఒక్క పని. ముసలాయన పాకుతూ పడకబండ దగ్గరికి పోయి, మోకాళ్ళ మీద కూలబడి, మనవడి చెవి దగ్గర వంగాడు. పేరు పెట్టి పిలవడానికి నోరు తెరిచాడు.

సిద్దమ్మ తన అరచెయ్యి ఆయన నోటికి అడ్డం పెట్టేసింది.

మామగారి ఎదుట కోడలు తల ఎత్తి నిలబడని కాలం అది. గుహలో వాళ్ళు నిర్ఘాంతపోయారు. "పిలవొద్దు మామా" అంది ఆమె. "పిలిచ్చే సచ్చినోడైపోతాడు. వాణ్ణే లెయ్యనీ." ఆమెకూ భయమే.  ఆయన ఏడుపు ఆ అరచేతిలోకి వెచ్చగా తగులుతోంది. అయినా ఆమె తీయలేదు.

బిడ్డ ఒళ్ళు విరుచుకున్నాడు. కళ్ళు తెరిచి, ముందు గుహ కప్పును, ఆ తరువాత తాతను, ఆ తరువాత తల్లిని చూశాడు. చూసి, ఆకలవుతోందని కాళ్ళు తపతపా కొట్టాడు.

ఓబయ్య బయటికి వచ్చి మొలలోని నల్లమందును వంకలోకి విసిరేశాడు. ఏడాదిగా తన ఇంట్లో ఎవరూ పలకని మాటను ఆనాడు ఆయనే గట్టిగా పలికాడు. దింపుడమ్మ అని మొక్కాడు. చచ్చినవాళ్ళకే మిగిలిపోయిన మాట ఈ గుట్ట మీద బతికిన బిడ్డకు దక్కింది. దాన్ని మార్చడానికి కురుబ ఇళ్ళ ఆడవాళ్ళు ఎందుకు ఒప్పుకోలేదో ఇక వేరే చెప్పనవసరం లేదు. సిద్దమ్మ ఇంటికి పోయి రెండు పగళ్ళు, రెండు రాత్రులు నిద్రపోయిందని ఆ వంశం వాళ్ళు ఇప్పటికీ నవ్వుతూ చెబుతారు.

ఈనాటికీ ప్రతి సోమవారం, గురువారం మధ్యాహ్నం దింపుడు సేవ జరుగుతుంది. ఆరు నెలలు నిండని బిడ్డలకు, జ్వరంతోనో దగ్గుతోనో ఉన్నవారికి సేవ లేదు. ముందు కడుపునిండా పాలివ్వాలి. తరువాత తల్లి బిడ్డను కళ్ళు తెరిచి ఉండగానే బండ మీద వెల్లకిలా దింపి, ఎద మీద చెయ్యి ఆనించి, తీసి, నేల మీద గీసిన గీత అవతల కూర్చోవాలి. కదురు తిప్పడం రాని ఈ కాలపు తల్లులకు ఉన్ని చిక్కు తీసే పని అప్పగిస్తారు. ఒక చిక్కు వీడితే ఒకసారి వెళ్ళి చెయ్యి ఆనించవచ్చు. నానమ్మలు, అమ్మమ్మలు, ముఖ్యంగా తాతలు మెట్ల కింద ఆగిపోవాలి. బిడ్డ పేరును లోపల ఎవరూ పలకరాదు. నిద్రపోయిన బిడ్డను లేపరాదు. సేవ ముగిశాక ఇంటికి పోయి ప్రతి రాత్రీ ఇదే వరస తప్పకుండా పాటించాలి. అమ్మ ముందు తల్లికి నేర్పుతుంది, ఆ తరువాత బిడ్డకు నేర్పుతుంది.

ఫలం గురించి అడుగుతారు. మొదటి రాత్రే తెల్లవారేదాకా పడుకున్న బిడ్డలున్నారు. పదిహేను రోజులు పట్టినవారున్నారు. ఒక బిడ్డ ఇక్కడ గంటసేపు ఏడ్చి, పూజారి ఒడిలో నిద్రపోయాడు. అందులో అమ్మకు కోపమేమీ లేదు. మళ్ళీ రావచ్చు. దింపుడమ్మను నమ్మిన ఇంట దీపం ఆర్పాక మనిషికి నిద్ర ఉంటుంది, మరునాడు పనిలో చెయ్యి ఆడుతుంది, భార్యాభర్తల మధ్య విసుగు తగ్గుతుంది. తల్లి మొహం తేటపడుతుంది.

సేవలో మిగిలిన నియమాలు తప్పితే అమ్మ చూసీ చూడనట్లు పోతుంది. ఒక్కదానికి మాత్రం మినహాయింపు లేదు. లోపలికి పంపే ముందు ఓబయ్య వంశపు పూజారి ప్రతి తల్లినీ ఆపి, గొంతు తగ్గించి అదే చెబుతాడు. "వాడు లేచేటప్పటికి నీ మొగం ఎదురుగా ఉండాల తల్లీ. దింపిన చెయ్యే ఎత్తాల."